సంగీత సందేహాలు: రెండు పాటలు ఒకేసారి వినిపిస్తున్నాయేం?

ప్రశ్న: మా చర్చిలో ఒక పెద్దాయన నాకు జర్మన్ స్వరకర్త బాక్ ఆర్గన్ సంగీతం పంపారు. పేరుకు అర్థం ‘మేల్కొనండి, స్వరం పిలుస్తోంది’ అట. మొదట ఒక బాణీ హాయిగా నడుస్తుంది. కాసేపటికి ఇంకేదో పాట మధ్యలో దూరి, కొంచెం వినిపించి ఆగిపోతుంది. రికార్డింగులో తప్పా? నేను వయొలిన్ నేర్చుకుంటున్నాను.
— ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: తప్పేం లేదమ్మా, మీ చెవి సరిగ్గానే పట్టింది. అవి నిజంగా రెండు బాణీలే. మధ్యలో దూరిందనుకుంటున్నారే, అదే అసలు పాట.

అది లూథరన్ల (జర్మనీలో పుట్టిన ఒక ప్రొటెస్టెంట్ శాఖ వాళ్ల) కీర్తన. ఫిలిప్ నికొలాయ్ అనే జర్మన్ పాస్టరు 1599లో అచ్చు వేయించారు. అంతకు కొద్ది ముందే ఆయన ఊళ్లో ప్లేగు వచ్చి జనం పిట్టల్లా రాలిపోయారు. మత్తయి సువార్తలో పదిమంది కన్యకల కథ ఉంది కదా, పెండ్లికుమారుడు వస్తున్నాడని అర్ధరాత్రి కేక వినబడుతుంది. ఆ కేకే ఈ పాట. మన కొండ మీద సుప్రభాతం స్వామిని మేలుకొలుపుతుంది, ఇక్కడ బురుజు మీది కావలివాళ్లు ఊరిని లేపుతారు.

బాక్ 1731లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఈ కీర్తన మీద ఒక కాంటాటా, అంటే గాయకులు, వాద్యాలు కలిసి నడిపే రచన, కట్టారు. అందులో కీర్తన రెండో చరణాన్ని టెనర్లు (హెచ్చు శ్రుతిలో పాడే మగ గొంతులు) పాడుతుంటే వయొలిన్లు, వాటికంటే కాస్త పెద్దవైన వయోలాలు కలిసి వేరే బాణీ వాయిస్తాయి. 1748 ప్రాంతంలో దాన్నే ఆర్గన్‌కు మార్చి అచ్చు వేయించారు. కుడిచేతిలో వయొలిన్ల బాణీ, ఎడమచేతిలో కీర్తన, పాదాల కింద పెడల్ మీద మంద్రం. 12 బార్లు (మన ఆవర్తాల్లాంటి తాళం గళ్లు) గడిచాక గానీ కీర్తన రాదు. ఇలా కీర్తన చుట్టూ అల్లిన రచనను కోరల్ ప్రిల్యూడ్ అంటారు. అక్కడి చర్చికొచ్చే వాళ్లకు ఆ కీర్తన చిన్నప్పటి నుంచీ కంఠతా వచ్చు. ఒక్క పాదం వినబడితే చాలు, మాటలు వాటంతటవే గుర్తొస్తాయి. ఆ పరిచయం లేకే మనకు తికమక.

నేనూ చాలా ఏళ్లు పైబాణీనే కీర్తన అనుకున్నాను. ఒక సాయంత్రం మా వీధిలో ఉండే చర్చి హార్మోనియం మాస్టారు ‘స గ ప’ అని మెట్లెక్కే ఆ కీర్తన మొదటి పాదం వాయించి చూపించారు. తర్వాత నన్ను పైబాణీ వయొలిన్ మీద వాయించమన్నారు. ఆయన పాదం అయిపోగానే నేనూ కమాను ఎత్తేశాను. మాస్టారు హార్మోనియం బెలోస్ (గాలితిత్తి) మీద చెయ్యి తీయకుండానే తల అడ్డంగా ఊపి, ‘మీది ఇంకా అవలేదండీ, పోనివ్వండి’ అన్నారు. నిజమే, నా వరస సగంలో ఉంది. ఆయన ఆగిన చోట నేను నడవాలి, నేను నడుస్తుండగానే ఆయన మళ్లీ అందుకోవాలి. మూడోసారికి కుదిరింది. ఒళ్లు పులకరించింది.

ముందు కీర్తన ఒక్కటే నేర్చుకుని నాలుగు రోజులు కూనిరాగం తీయండి. తర్వాత ఎడమచేతి మీదే చెవి పెట్టి వినండి. మీకు ఆ పాట పంపిన పెద్దాయన్నే కీర్తన పాడమని, పైబాణీ మీరు వాయించండి.