గోలి ఒక్కసారే మానెయ్యకు చెల్లెమ్మా

రెండో నెల అని తెలియగానే అత్తమ్మ మాట మీద దిగులుకు వాడే సెర్ట్రాలిన్ గోలి ఆపేశానని, నాలుగు రోజులుగా తల తిరుగుతోందని, నిద్ర లేదని రాశావు. ఒక్కసారే మానినందుకు అయ్యుండొచ్చు. నాకూ అయింది, మిర్యాలగూడ బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడితే తలలో కరెంటు కొట్టినట్టు ఝల్లుమనేది.

గర్భిణులకు డాక్టర్లు ఎక్కువగా రాసే మందుల్లో సెర్ట్రాలిన్ ఒకటి. అదే రకం మందు పారోక్సెటిన్ అయితే బిడ్డ గుండె గురించి మొదటి మూడు నెలలు జాగ్రత్త పడతారు. మందు లేక దిగులు ముదిరినా బిడ్డకు నష్టమే. మా అత్తకు ఈ మాట డాక్టరమ్మే చెప్పింది, నేను చెబితే వినేదా!

రేపే నల్లగొండ పోయి మందు రాసిన డాక్టర్‌కు, కాన్పుల డాక్టరమ్మకు ఇద్దరికీ చీటీ చూపించు. మళ్లీ ఎంత మోతాదో వాళ్లే చెప్పాలి. కాన్పు దాకా మందు వాడితే పుట్టాక బిడ్డ కాస్త వణకడం, చిరాకు పడడం ఉండొచ్చు, మామూలుగా రెండు వారాల్లోపే తగ్గుతుంది. రాత్రి గుబులెక్కువైతే మనసు బాధలకు సర్కారు నడిపే ఫోన్ సాయం టెలీ మానస్ 14416కు ఫోన్ చెయ్, తెలుగులోనే మాట్లాడతారు.