‘పోతాండేది’ అయాన్

సందేహం: మా అమ్మాయి ఫిజిక్స్ నోట్సులో ‘పున:అయనీకరణ’ (రీఅయొనైజేషన్) అని ఉంటే ‘పునరయనీకరణ’ అని దిద్దాను. అయినా అయనం అంటే ఉత్తరాయణం కదా, తొలి గెలాక్సీల కథలోకి అదెలా వచ్చింది? – ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

సమాధానం: బాగా దిద్దారు. ‘పునర్జన్మ’ రాసే చెయ్యి ఇక్కడెందుకు తడబడుతుందో! పైగా విసర్గకు బదులు కోలన్. ‘దుఃఖం’లోనూ ఈమధ్య అదే దూరుతోంది.

పరమాణువు నుంచి ఎలక్ట్రాన్ ఊడి అది ‘అయాన్’ కావడమే అయనీకరణ. అయనానికీ దీనికీ దగ్గరి చుట్టరికమే. కరెంటు పారించిన ద్రవంలో ధ్రువాల వైపు నడిచే కణాలకు శాస్త్రవేత్త ఫారడే పేరు వెతుక్కుంటుంటే, 1834లో హ్యూయెల్ అనే పండితుడు గ్రీకు నుంచి ‘అయాన్’ తీసిచ్చాడు. అంటే ‘పోయేది’. మన కడప మాటలో ‘పోతాండేది’. దాని గ్రీకు ధాతువూ, పోవడమనే అర్థమున్న మన సంస్కృత ‘ఇణ్ గతౌ’ ధాతువూ ఒకే తల్లి బిడ్డలు. అయనం ఈ రెండోదాని సంతానం. సూర్యుడు ఉత్తరానికి పోతే ఉత్తరాయణం, రాముడి నడక రామాయణం. ‘అయనీకరణ’ అన్నవాళ్లు ఇదంతా తలచారో, చెవికి ఇంపుగా ఉందని అన్నారో గానీ, విడిపోయిన దాయాదులు ఒకే పంక్తిలో కూర్చున్నారు. (దక్షిణాయనానికి మాత్రం ‘న’యే. మొన్న అంగడిలో ఇచ్చిన క్యాలెండర్లో ‘దక్షిణాయణం’ చూసి గోడకు తగిలించబుద్ధి కాలేదు.)

ఇక ‘పునః’. మహావిస్ఫోటం తర్వాత దాదాపు 3,80,000 ఏళ్లు ప్రోటాన్లూ ఎలక్ట్రాన్లూ వేర్వేరుగానే తిరిగాయి. చల్లబడ్డాక జతకట్టి హైడ్రోజన్ అయ్యాయి. దీన్ని ‘పునస్సంయోగం’ అంటున్నారు! అంతకు ముందెన్నడూ కలవనివాటికి ‘పునః’ ఏమిటి, మొదటి పెళ్లిని మారుమనువు అన్నట్టు? తర్వాత తొలి నక్షత్రాలు, గెలాక్సీలు వెలిగాయి. వాటి అతినీలలోహిత కాంతి తగిలి చుట్టూ ఉన్న వాయువులో ఎలక్ట్రాన్లు మళ్లీ ఊడిపోయాయి. ఇదే పునరయనీకరణ. ఒక హైడ్రోజన్ పరమాణువుకు 13.6 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉన్న దెబ్బ చాలు. ఒక్కో గెలాక్సీ చుట్టూ బుడగలా మొదలై, బుడగలు పెరిగి ఒకదాన్నొకటి కలుపుకుంటూ, విశ్వానికి సుమారు వంద కోట్ల ఏళ్లు వచ్చేసరికి ఆ పని దాదాపు ముగిసింది. ఇక్కడ ‘పునః’ న్యాయమే.

ముందు ‘ర’ ఉంది కదా, ‘పునరయణీకరణ’ అనొద్దా అని పట్టుకునేవాళ్లూ ఉంటారు. ఉత్తరాయణంలో ఆ ణత్వం (‘న’ ‘ణ’గా మారడం) అది సంజ్ఞ, అంటే ఒకదానికి స్థిరపడిన పేరు, కాబట్టి వచ్చింది. ఇదీ శాస్త్రంలో సంజ్ఞే కదా అంటే నేను వాదనకు దిగను. నేను మాత్రం ‘న’యే రాస్తాను.