ఐరన్ మాత్రలు పంచాం సరే, పనిచేశాయని ఎలా తేల్చాలి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా: పన్నెండు బడుల్లో ఆడపిల్లలకు ఏడాదిగా వారానికొక ఐరన్ మాత్ర ఇస్తున్నారు. నిధులిచ్చినవారు ఫలితాల నివేదిక అడుగుతున్నారు. మొదట్లో అందరికీ హిమోగ్లోబిన్ పరీక్ష చేసినా, తక్కువ వచ్చిన అమ్మాయిల అంకెలే రాసిపెట్టుకున్నారు. ఇప్పుడు వాళ్లకే మళ్లీ పరీక్ష చేసి తేడా చూపిస్తే చాలా అని అడుగుతున్నారు.

చాలదు. నేనూ ఒకప్పుడు ఇలాగే చూపించి నవ్వులపాలయ్యాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున బడుల్లో ఇదే పని పర్యవేక్షించేవాణ్ణి. మా రిజిస్టర్ల ప్రకారం మాత్ర అందని పిల్ల లేదు. ఒక మధ్యాహ్నం ఏడో తరగతి గదిలో రిజిస్టరు సరిచూస్తుంటే పక్క బల్ల మీది అమ్మాయి జామెట్రీ పెట్టె తెరిచింది. కంపాసు కింద ఆరేడు నీలం మాత్రలు. చెమ్మకు రంగు కరిగి పెట్టె రేకుకు అంటుకుంది. అడిగితే మెల్లగా చెప్పింది: “కడుపులో తిప్పుతుంది సార్. పారేస్తే టీచరు గారు చూస్తారని దాచాను.” రిజిస్టరులో ఆ వారాలన్నింటికీ టిక్కులే ఉన్నాయి.

కాబట్టి రక్తం జోలికి వెళ్లేముందు మింగారా లేదా అన్నది తేల్చండి. ముందు చెప్పకుండా వెళ్లండి, టీచర్లు లేనప్పుడు అడగండి. “వేసుకున్నావా” అంటే అందరూ తలూపుతారు. “వేసుకున్నాక ఏమనిపించింది, విరేచనం రంగు మారిందా” అని అడిగి చూడండి. ఐరన్ మింగితే విరేచనం నల్లబడడం మామూలే. ఆ మాట విని తెల్లమొహం వేసే పిల్లలే ఎక్కువగా ఉంటే అనుమానించాల్సిందే. పరగడుపున ఇస్తున్నారా, మధ్యాహ్న భోజనం తర్వాత ఇస్తున్నారా అన్నది కూడా రాసుకోండి. మా దగ్గర సగం ఫిర్యాదులు పరగడుపున ఇచ్చిన బడులవే.

ఇక పరీక్ష సంగతి. తక్కువ వచ్చినవాళ్లనే ఏరి మళ్లీ కొలిస్తే, ఒక్క మాత్ర వేయకపోయినా సగటు పెరుగుతుంది. ఆ రోజు వేలు గట్టిగా పిండడం వల్ల రక్తంలో కణజాల ద్రవం కలిసి అంకె తగ్గినవాళ్లు కూడా ఆ జాబితాలో ఉంటారు. రెండోసారి అదే పొరపాటు అదే అమ్మాయికి జరగదు కదా. మా నివేదికలో మేము గొప్పగా చూపించిన పెరుగుదలలో ఇదెంత, మాత్రలదెంత అని సమీక్షకు వచ్చిన ఒక పెద్దావిడ అడిగితే మా దగ్గర సమాధానం లేదు. పైగా మొదటి పరీక్ష వానాకాలంలో, రెండోది సంక్రాంతి తర్వాత చేశాం. మొదటిసారి పరికరంలో పెట్టే పట్టీల డబ్బా మూత తీసే ఉంచాం. గాలిలో తేమ తగిలితే అవి పాడవుతాయని అప్పటికి మాకు తెలియదు.

వయసు చిక్కు ఇంకొకటి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 5–11 ఏళ్ల పిల్లలకు డెసిలీటరు (100 మిల్లీలీటర్ల) రక్తంలో హిమోగ్లోబిన్ 11.5 గ్రాముల కన్నా తక్కువైతే రక్తహీనత, 12 ఏళ్లు నిండిన అమ్మాయిలకు 12 గ్రాముల కన్నా తక్కువైతే రక్తహీనత. 11.7 ఉన్న పిల్లకు మధ్యలో పుట్టినరోజు వస్తే, రక్తం మారకపోయినా రోగుల జాబితాలో చేరిపోతుంది. శాతాలతో పాటు సగటు కూడా రాయమనేది అందుకే.

వీటన్నింటికీ మందు ఒకటే, పోల్చి చూసుకోవడానికి మాత్రలు అందని బడులు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత 2015–16లో 53 శాతం, 2019–21లో 57 శాతం. మాత్రలు దండగ అనేవారు ఆ అంకెలే చూపిస్తారు, ఆ సర్వేలో వేలి నుంచి తీసిన రక్తపు చుక్కతో చేసిన కొలతే తప్పనేవారూ వాటినే చూపిస్తారు. పోలిక లేనంతకాలం ఇద్దరి నోరూ మూయించలేం. పోలిక ఎందుకో చెప్పే ఉదాహరణ వేరే పనిలోంచి ఒకటి చెబుతాను. ఒడిశాలోని పూరీ జిల్లాలో వంద గ్రామాల్ని లాటరీ పద్ధతిలో రెండు భాగాలు చేసి, ఒక భాగంలో మరుగుదొడ్లు కట్టించే కార్యక్రమం నడిపారు. 2014లో ఫలితాలు వచ్చాయి. ఆ గ్రామాల్లో మరుగుదొడ్లున్న ఇళ్లు 9 శాతం నుంచి 63 శాతానికి పెరిగాయి, పిల్లల విరేచనాలు మాత్రం రెండో భాగం గ్రామాల కన్నా తగ్గలేదు. పోలిక లేకపోతే ఆ 63 శాతాన్నే విజయమని రాసేవారు.

మీకు ఏడాది గడిచిపోయింది, మొదటి కొలత సరిగా లేదు. దాన్ని ఇప్పుడు తిప్పలేం. కానీ వచ్చే ఏడాది ఇంకొన్ని బడులు చేర్చుకుంటామన్నారు కదా, అక్కడ అవకాశం ఉంది. ఆ బడుల పేర్లు చీటీలు రాసి ప్రధానోపాధ్యాయుల ముందే తీయించండి. సగం బడుల్లో జూన్‌లో మొదలుపెట్టి, మిగతా సగంలో మరుసటి జూన్‌లో మొదలుపెట్టండి. మాత్రలిచ్చేముందు రెండు వైపులా అమ్మాయిలందరికీ, తక్కువవారికి మాత్రమే కాకుండా, ఒకే నెలలో పరీక్ష చేయించండి. ఏడాది చివర, రెండో సగం మొదలయ్యేలోపు మళ్లీ చేయించండి. ఎవరికీ మాత్ర శాశ్వతంగా దూరం కాదు, కాబట్టి తల్లిదండ్రులకు చెప్పడం కూడా తేలికే. ఒకే బడిలో వందమందిని కొలవడం కన్నా ఎక్కువ బడుల్లో కొద్దిమందిని కొలవడం మేలు. ఒకే వంటశాలలో తినే పిల్లల రక్తం కొంతవరకు ఒకేలా ఉంటుంది. పరీక్షలో ఎవరికైనా 8 గ్రాముల కన్నా తక్కువ వస్తే, ఏ సగంలో ఉన్నా సరే, పోలిక సంగతి పక్కనపెట్టి అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపండి.

ఈ ఏటి నివేదికలో ఎన్ని మాత్రలు ఇచ్చారు, ఎంతమంది మింగామన్నారు, ఎక్కడెక్కడ ఎందుకు మానేశారు అన్నవి రాయండి. ‘రక్తహీనత తగ్గింది’ అన్న వాక్యం మాత్రం వద్దు. నిధులిచ్చినవారు అడిగితే చీటీలు తీసి బడుల్ని రెండు సగాలు చేసే ఈ పథకం రాసి చూపించండి. మా తర్వాతి ఏడాది నిధులు అలాంటి కాగితం చూపించాకే వచ్చాయి.