క్రూజరు బండికి రంగు ఫెయిరింగు బిగించడం: ముందు కొలత, ఆఖరున రంగు

నమస్కారమండి. మీరు అడిగిన ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: అమలాపురంలో ఉంటున్న మీ దగ్గర రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350 ఉంది. దానికి హ్యాండిలుతో పాటు తిరిగే ఫైబర్ ఫెయిరింగు, అంటే బండి ముందు భాగాన గాలిని అడ్డుకునే తొడుగు, ఒకటి తెప్పించుకున్నారు. నెమలికంఠం రంగు మీద రెండు పక్కలా తెరచాప పడవ బొమ్మ వేయించాలని ముచ్చటపడుతున్నారు. రంగు వేయించాక బిగించాలా, బిగించాక రంగు వేయించాలా, మన ఉప్పుగాలికి ఆ రంగు నిలుస్తుందా అన్నది మీ సందేహం. మలికిపురం దగ్గర ఉంటూ ఇదే బండికి ఇలాంటి ఫెయిరింగునే బిగించి వాడుతున్నాను కనుక, నేను చేసిన పద్ధతినే వివరంగా రాస్తున్నాను.

ముందుగా రంగు లేని ఫెయిరింగునే బండికి పూర్తిగా బిగించండి. బెజ్జాలన్నీ అప్పుడే వేసేయండి. ప్రైమరు (రంగుకు ముందు వేసే అడుగు పూత) మాత్రమే కొట్టించి కొన్ని వారాలు మామూలుగా తిరగండి. ఏ తేడాలూ లేవని తేలాక విప్పి రంగు వేయించి, మళ్ళీ బిగించండి. రెండుసార్లు బిగించే శ్రమ ఉంటుంది, కానీ రంగు వేసిన ముక్కకు డ్రిల్లు తగలకూడదన్నది ఈ పనిలో అన్నిటికన్నా ముఖ్యం. లాకరు (రంగు మీద ఆఖరున వేసే పారదర్శక పూత) మీదుగా డ్రిల్లు దిగితే బెజ్జం అంచున కంటికి కనబడనంత సన్నని పెచ్చులు లేస్తాయి. ఇంజను వణుకుకు ఆ పెచ్చుల దగ్గరనుంచే సాలెగూడు ఆకారంలో బీటలు పాకుతాయి. ఆ బీటల్లో వాన నీరు చేరితే రంగు కిందినుంచి లేవడం మొదలవుతుంది. మా బంధువు ఒకరి బండికి రంగు వేయించి తెచ్చిన తర్వాత షెడ్డులో బెజ్జాలు వేశారు. మొదటి వానాకాలం దాటేసరికి ప్రతి బోల్టు చుట్టూ రంగు బుడగలు కట్టింది.

ఫెయిరింగుల్లో రెండు రకాలున్నాయి. హ్యాండిలుకో ఫోర్కుకో పట్టి, దానితో పాటు తిరిగేది ఒకటి. హార్లే డేవిడ్‌సన్ 1969లో ఎలక్ట్రా గ్లైడ్ మీద తెచ్చిన గబ్బిలం రెక్కల ఆకారం ఈ రకానికి చెందినదే. ఫ్రేముకు బిగించి, హ్యాండిలు తిరిగినా కదలకుండా ఉండేది రెండోది. అదే కంపెనీ 1998లో తెచ్చిన రోడ్ గ్లైడ్ దీనికి ఉదాహరణ. మీది మొదటి రకం కనుక, దాని బరువూ, దాని మీద పడే గాలీ నేరుగా మీ చేతులకు వస్తాయని గుర్తుంచుకోవాలి. నా ఫెయిరింగు వైజరుతో (పైన ఉండే పారదర్శకమైన గాలి అడ్డుతో) కలిపి నాలుగు కిలోలలోపే ఉంది, అంతకు మించి బరువెక్కనివ్వవద్దని నా అభిప్రాయం. ఇంజను ముందుకు దిగే కింది భాగాలను ఎవరైనా అంటగట్టబోతే వద్దనండి. మీటియరు ఇంజను గాలితోనూ ఆయిల్ కూలరుతోనూ చల్లబడుతుంది, ఆ గాలిదారిని మూయడం మన వేసవిలో మంచిది కాదు.

కొలతలకు పాత అట్టపెట్టెను మించిన సాధనం లేదు. ఫెయిరింగు ఆకారానికి అట్టను కత్తిరించి, టేపుతో హ్యాండిలుకు అతికించి, హ్యాండిలును ఎడమ చివరనుంచి కుడి చివరకు నెమ్మదిగా తిప్పండి. ట్యాంకుకూ ఫెయిరింగు అంచుకూ మధ్య కనీసం ఒక వేలు మందం ఎడం ఉండాలి. తాళంచెవి పెట్టి తిప్పడానికి చెయ్యి పట్టాలి. క్లచ్చి కేబులు, ముందు బ్రేకు గొట్టం, వైర్ల కట్ట ఎక్కడా బిగుసుకోకూడదు, నలగకూడదు. బండిని మెయిన్ స్టాండు మీద న్యూట్రల్‌లో స్టార్టు చేసి హ్యాండిలును చివరిదాకా తిప్పినప్పుడు ఇంజను శబ్దం ఏమాత్రం పెరిగినా యాక్సిలేటరు కేబులు లాగుతున్నట్టే. దాన్ని సరిచేయకుండా ముందుకు వెళ్ళకూడదు. ఆ తర్వాత ముందు బ్రేకు పట్టి బండిని కిందికి బలంగా నొక్కి చూడండి. ఈ బండి ముందు సస్పెన్షను 130 మిల్లీమీటర్ల దాకా కుంగుతుంది కనుక, పూర్తిగా కుంగినప్పుడు కూడా మడ్‌గార్డు ఫెయిరింగు అడుగు అంచును తాకకూడదు.

బిగింపుకు రెండు ముక్కలుగా విడిపోయే క్లాంపులు మేలు. ఫోర్కు గొట్టం 41 మిల్లీమీటర్లదే అయినా, క్లాంపు పట్టే చోట వెర్నియరుతో కొలిచాకే కొనండి. ఫోర్కు గొట్టాలను పైనా కిందా పట్టి ఉంచే రెండు పలకల మధ్యనే క్లాంపు రావాలి. గొట్టం జారే భాగం మీద పొరపాటున కూడా పెట్టకూడదు. క్లాంపుకూ గొట్టానికీ మధ్య పల్చని రబ్బరు పట్టీ ఉండాలి. ఇక ఫెయిరింగు లోపలివైపు, బోల్టు వచ్చే ప్రతిచోటా అరచేతి వెడల్పున రెండు పొరల ఫైబర్ మ్యాటు, దాన్ని తడిపి గట్టిపడే రెజిను ద్రవం వేయించి మందం పెంచండి. ఈ పనికి బైకు షెడ్డులకన్నా మన తీరంలో ఫైబర్ పడవలు కట్టేవాళ్ళు ఎంతో నయం. రెజినులో హార్డెనరు (గట్టిపరిచే మందు) ఎంత కలపాలో, పొరల మధ్య గాలి బుడగ లేకుండా రోలరు ఎలా తిప్పాలో వాళ్ళ చేతులకు తెలుసు. నాకు ఆ పని చేసిపెట్టింది పడవల మేస్త్రీయే. ఆయన వేసిన పొర ఇన్ని గతుకులు తిన్నా కదలలేదు.

బెజ్జం వేసేటప్పుడు రెండు వైపులా మాస్కింగ్ టేపు అంటించి, వెనుక చెక్కముక్క ఆనించి, ముందు మూడు మిల్లీమీటర్ల బిట్టుతో దారి చేసి, తర్వాత తక్కువ వేగంతో పెద్దది చేయండి. బోల్టు ఆరు మిల్లీమీటర్లదైతే బెజ్జం కూడా ఆరుకే వేయడం సరికాదు. బెజ్జంలో అమర్చే రబ్బరు రింగు (గ్రోమెట్టు), దాని లోపల చిన్న లోహపు గొట్టం (స్లీవు) కూర్చునేంత వెడల్పు ఇవ్వాలి. స్లీవు ఉంటే బోల్టును ఎంత బిగించినా ఆ ఒత్తిడి స్లీవు మీద ఆగిపోతుంది, ఫైబరు నలగదు. అంచును 320 నంబరు ఎమరీ పేపరుతో నునుపు చేసి, కోసిన చోట రెజిను పూయండి. ఫైబరు పొడి ఒంటికి దురద పెడుతుంది, ఊపిరితిత్తులకు మంచిది కాదు. మాస్కు, పొడవు చేతుల చొక్కా తప్పనిసరి.

ప్రైమరుతో తిరిగే రోజుల్లో ఫెయిరింగే మీకు అన్నీ చెబుతుంది. కేబులు రాసుకునే చోట బూడిదరంగు ప్రైమరు మీద నల్లని చార పడుతుంది, వైజరు ఒరుసుకునే చోట ప్రైమరు చెరిగి తెల్లని ఫైబరు కనబడుతుంది. ఇవన్నీ రంగు పడకముందే సరిదిద్దుకోవచ్చు. గాలి సంగతి తేలేదీ అప్పుడే. దిండి దాటి చించినాడ వంతెన మీద వశిష్ఠ పాయ మీదుగా సముద్రపు గాలి పక్కనుంచి తోస్తుంది. ఆ గాలికి హ్యాండిలు ఎంత లాగుతోందో తక్కువ వేగంలో మొదలుపెట్టి మెల్లగా తెలుసుకోండి. హ్యాండిలు వణుకు కనిపిస్తే ఫెయిరింగును నిందించే ముందు స్టీరింగు బేరింగులు, టైరులో గాలి చూపించుకోండి. అవి బాగున్నా వణుకు తగ్గకపోతే ఫెయిరింగును కిందికి, వెనక్కి జరపాలి. ఒక్క అంగుళం జరిపినా తేడా బాగా తెలుస్తుంది.

రంగు దగ్గరకొస్తే, మన డెల్టాలో పెయింటరు చేతికన్నా వాతావరణం చేతిలోనే ఎక్కువ ఉంటుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు థిన్నరు ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి గాలిలోని తేమ రంగు మీదే దిగి తెల్లని పొరలా పడుతుంది. ముక్క ఉష్ణోగ్రత మంచుబిందు ఉష్ణోగ్రతకన్నా (గాలిలోని తేమ నీటిబొట్లుగా దిగే ఉష్ణోగ్రతకన్నా) కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలని, గాలిలో తేమ 85 శాతం దాటకూడదని పూతల పనిలో సాధారణంగా పాటించే నియమం. అందుచేత వానాకాలం పూర్తిగా మానేయండి. కార్తికం చివర సార్వా నూర్పిళ్ళ ధూళి గాలినిండా ఉంటుంది, దాళ్వా కోతలప్పుడూ అంతే. సంక్రాంతి వెళ్ళాక, పొగమంచు విడిపోయిన తర్వాత, పదకొండు నుంచి మూడింటి మధ్య వేయించడం ఉత్తమం. సాయంత్రం లైటు వేసుకుని వేయడానికి ఒప్పుకోవద్దు. వరిచేల పక్కనున్న షెడ్డులో ఆ లైటుకు వచ్చే పురుగులన్నీ తడి లాకరులోనే వాలుతాయి. కంప్రెసరు ట్యాంకులోని నీటిని పని మొదలుపెట్టే ముందు వదిలించి, గన్నుతో ఒట్టి గాలిని ఒక అద్దం మీద కొట్టించి చూడండి. అద్దం మీద చెమ్మ కనిపిస్తే నీటిని ఆపే ఫిల్టరు పెట్టేదాకా రంగు కలపనివ్వకండి.

ఫైబరు ముక్క అచ్చులోనుంచి వచ్చేటప్పుడు దాని మీద మైనం ఉంటుంది. ప్రైమరుకు ముందే, ఎమరీ పట్టకముందే, దాన్ని మైనం తీసే ద్రావకంతో తుడవాలి. తుడవకుండా రుద్దితే మైనం గీతల్లోకి దిగిపోయి, ఆ చోట రంగు పట్టక చేపకళ్ళలాంటి గుంటలు పడతాయి. సూదిమొన బెజ్జాలను పుట్టీతో పూడ్చి, ఎపాక్సీ ప్రైమరు, దాని మీద పీయూ (పాలీయురెథేన్) సర్ఫేసరు, అంటే నునుపు చేయడానికి వేసే పూత, వేసి, 400 మొదలుకొని 600, 800 నంబర్ల దాకా నీళ్ళతో రుద్దించాలి. తర్వాత రంగు, బొమ్మ, ఆఖరున హార్డెనరు కలిపే పీయూ లాకరు రెండు పూతలు. ఎండకు, ఉప్పుకు నిలిచేది ఈ లాకరే, ఇక్కడ డబ్బు మిగుల్చుకోవద్దు. ఆ హార్డెనరులో ఐసోసయనేటు అనే ఊపిరికి హాని చేసే రసాయనం ఉంటుంది, ముక్కుకు రుమాలు కట్టుకుంటే ఆగేది కాదు, వేసేవారికి ఫిల్టరున్న రెస్పిరేటరు మీరే కొనిచ్చినా తప్పులేదు. నెమలికంఠం రంగులో మెరుపు కలుపుతున్నారు కనుక ముందు ఒక రేకు ముక్క మీద అన్ని పూతలూ వేయించి, పగటి వెలుగులో ట్యాంకు పక్కన పెట్టి చూడండి. గన్ను ఒత్తిడి మారితే ఒకే డబ్బాలోని రంగు కూడా వేరుగా కనబడుతుంది. బెజ్జాలు ముందే ఉన్నాయి కాబట్టి బోల్టు తలలు ఎక్కడ వస్తాయో చిత్రకారుడికి తెలుస్తుంది. తెరచాప నడుమ బోల్టు రాకుండా పడవను ఇటో అటో జరుపుకునే వీలుంటుంది. బెజ్జాల అంచులకు కూడా రంగూ లాకరూ పట్టేలా చూడండి.

కాగితాల సంగతి కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను ప్రకారం, ఆర్‌సీలో నమోదైన వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. ఆర్‌సీలో రంగు నమోదై ఉంటుంది కాబట్టి ట్యాంకు రంగును అలాగే ఉంచి, ఫెయిరింగు విషయం ముందే ఆర్‌టీఓ కార్యాలయంలోనూ ఇన్సూరెన్సు వారి దగ్గరా రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. హెడ్‌లైటు, ఇండికేటర్లు, ముందు నంబరు ప్లేటు కొంచెం కూడా మరుగున పడకూడదు.

లాకరు పైకి ఎండినట్టు కనిపించినా లోపల గట్టిపడటానికి కనీసం వారం పడుతుంది, అందాకా బిగించవద్దు. బిగించే రోజు ట్యాంకు మీద మెత్తని దుప్పటి పరిచి, ఒకరు ఫెయిరింగును పట్టుకోగా ఇంకొకరు బోల్టులు వేయాలి. అన్ని బోల్టులనూ ముందు వేళ్ళతో వదులుగా ఎక్కించి, వరస చూసుకుని, ఎదురెదురు బోల్టులను కొంచెం కొంచెంగా బిగించండి. సముద్రపు గాలికి 304 కన్నా 316 రకం స్టెయిన్‌లెస్ బోల్టులు బాగా ఆగుతాయి. బ్రాకెట్టు అల్యూమినియందైతే మధ్యలో నైలాన్ వాషరు, మరలకు యాంటీసీజ్ గ్రీజు తప్పనిసరి. లేకపోతే ఉప్పుతేమకు రెండు లోహాల మధ్య తెల్లని పొడి పేరుకుని బోల్టు పట్టేస్తుంది. బోల్టు వదులు కాకుండా మరలకు పూసే జిగురును ప్లాస్టిక్ వైజరు దగ్గర వాడకండి, అది తగిలితే ప్లాస్టిక్ బీటలు వారుతుంది. అక్కడ లోపల నైలాన్ రింగు ఉండే నైలాక్ నట్లు సరిపోతాయి. హెడ్‌లైటు కదిలి ఉంటే గోడ మీద వెలుగు ఎత్తు చూసి సరిచేసుకోండి. మొదటి వారం తర్వాత అన్ని బోల్టులూ ఒకసారి చూసుకుని, అంతర్వేది వైపు వెళ్ళి వచ్చినప్పుడల్లా పొడిగుడ్డతో తుడవకుండా ముందు మంచినీళ్ళతో ఉప్పును కడిగేయండి.