ఆ పాట పెట్టుకుని ఏడుస్తున్నారు, ఉద్యోగం మానేస్తానంటున్నారు

ప్రశ్న: మావారికి 40 ఏళ్లు, ప్రైవేటు ఉద్యోగం. రెండు నెలల క్రితం టీవీలో ‘అన్నమయ్య’ చూసిన దగ్గర్నుంచి రోజూ రాత్రి ఫోన్లో అదే చూస్తున్నారు. చివర్లో వచ్చే ‘అంతర్యామి’ పాట మళ్లీ మళ్లీ పెట్టుకుని ఏడుస్తారు. ఉద్యోగం మానేసి తిరుమలలో ఉండిపోతానంటూ రాజీనామా రాసి పెట్టుకున్నారు. పాప ఏడో తరగతి. అత్తయ్యేమో ‘భక్తి మంచిదేగా’ అంటారు. నిరుడు మామయ్య పోయినప్పుడు కూడా ఈయన కంటతడి పెట్టలేదు. భయంగా ఉంది.

జవాబు: అమ్మా, మీరు చివర్లో ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన మాట దగ్గరే నేను ఆగాను. తండ్రి పోయినప్పుడు ఏడవని మనిషి ఈ పాటకు ఏడుస్తున్నారు. ‘అంతర్యామి అలసితి సొలసితి’ అన్నది బాగా అలసిపోయినవాడి మాట. సినిమా అంతటిలో ఆ పాటనే వెతుక్కుంటున్నారంటే, కర్మకాండ, కాగితాల పనులు, ఆఫీసు మధ్య అణచుకున్న దుఃఖానికి అది దారి ఇచ్చి ఉండొచ్చు. కాబట్టి పాట ఆపించకండి. ఫోన్ లాక్కున్నా, ‘సినిమా పిచ్చి’ అని వెక్కిరించినా, బంధువులతో పంచాయితీ పెట్టించినా ఆయన ఇంకా ముడుచుకుపోతారు. ఒక రాత్రి మీరూ పక్కన కూర్చోండి. పాట అయ్యాక ‘మామయ్య గుర్తొస్తున్నారా?’ అని అడిగి ఊరుకోండి. జవాబు రాకపోతే తరచి అడగొద్దు.

ఇక రాజీనామా. 1408లో పుట్టి 1503 దాకా బతికిన మనిషి జీవితాన్ని సినిమా దాదాపు రెండున్నర గంటల్లో చెప్పాలి. అందుకే అక్కడ మనసు మారడానికి ఒక్క పాట చాలు. కానీ అన్నమయ్య సంసారి. భార్య తిమ్మక్క ‘సుభద్రా కల్యాణం’ రాసిన కవయిత్రి. కొడుకు పెదతిరుమలాచార్యుల పూనికతో కీర్తనలు రాగిరేకుల కెక్కాయి, మనవడు చిన్నన్న తాత చరిత్రను ద్విపదలో రాశాడు. ఆ ఇల్లు లేకపోతే ఆ పాట మీవారి ఫోన్‌దాకా వచ్చేది కాదు. ఈ సంగతి వాదనలో కాదు, ఆయన నిమ్మళంగా ఉన్నప్పుడు చెప్పండి.

‘మానొద్దు’ అనకండి, ‘ఒక మండలం ఆగుదాం’ అనండి. ఆ 41 రోజుల్లో నెల ఖర్చు ఆయన చేతే రాయించండి: అద్దె, ఫీజు, వాయిదాలు, అత్తయ్య మందులు. ఆఫీసు ఇచ్చే ఆరోగ్య బీమా ఉంటే అదీ పోతుందని అందులో కనబడాలి. తిరుమల కోరికను మాత్రం నిజంగా తీర్చండి. తితిదే శ్రీవారి సేవకు పేరు నమోదు చేసుకుని, వారం సెలవు పెట్టి వెళ్లమనండి. యాత్రికుల రద్దీలో నిలబడి సేవ చేశాక అక్కడ ఉండటమంటే ఏమిటో ఆయనకే తెలుస్తుంది. ఇంట్లో సాయంత్రం అరగంట పాపతో కలిసి వారానికో కీర్తన నేర్చుకోమనండి. రెండు నెలలుగా ఆ పిల్లకు నాన్న కరువై ఉంటాడు.

నిద్ర రెండు మూడు గంటలకు పడిపోయినా, తిండి మానేసినా, దేవుడు చెవిలో ఆజ్ఞలిస్తున్నాడన్నా, ‘వెళ్లిపోతా’ అన్న మాటలో చావు వినిపించినా మండలం లెక్క వదిలేయండి. ఆ రోజే మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి, బాబాల దగ్గరకు కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు పగలైనా రాత్రయినా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

మామయ్య సంవత్సరీకం ఎప్పుడో కూడా చూడండి. ఆ తిథి దగ్గరపడేకొద్దీ దిగమింగిన దుఃఖం పైకి తన్నుకొస్తుంది. అత్తయ్య కూడా భర్తను పోగొట్టుకున్న మనిషే. ఆ రోజు భోజనాలయ్యాక తల్లీకొడుకులను కూర్చోబెట్టి పాత ఫొటోలు ముందు పెట్టండి. మీరు కాసేపు వంటింట్లో ఉండిపోండి.