ఆకురాయి కన్నా ముందు కొలబద్ద

ప్రశ్న: నా అకౌస్టిక్ గిటార్‌కు తీగలు మరీ ఎత్తుగా ఉండి వేళ్లు నొప్పి పుడుతుంటే ఒక మరమ్మతు దుకాణంలో ఇచ్చాను. ఇప్పుడు నొక్కడం తేలికైంది గానీ, ఏ ఫ్రెట్టూ (మెడ మీది అడ్డు లోహపు కడ్డీ) నొక్కకుండా మీటితే మూడు తీగలకు బజ్, అంటే జుయ్‌మనే మోత, వస్తోంది. తీగలు మార్చుకోమన్నారు, మార్చినా అంతే. గతంలో ఇదే గిటార్‌కు చక్కగా పనిచేసిపెట్టిన దుకాణం మూతపడింది. మంచి దుకాణాన్ని ముందే గుర్తుపట్టగలమా?

జవాబు: ముందుగా ఒక పరీక్ష చేయండి. బజ్ వచ్చే తీగను మొదటి ఫ్రెట్ దగ్గర నొక్కి మీటండి. మోత పూర్తిగా మాయమైతే దోషం తీగది కాదు. నట్‌లోని (గిటార్ మెడ పైచివర తీగలు ఆనే చిన్న పట్టీ) గాడిని అవసరానికి మించి లోతుగా అరగదీశారన్నమాట. ఆ ఫలితాన్ని దుకాణంలోనే చేసి చూపించి, కొత్త నట్ వేయమని అడిగే హక్కు మీకుంది.

పనితనం తెలిసినవారు గిటార్ చేతికి రాగానే ఆకురాయి తీయరు. తీగలను సరైన శ్రుతికి బిగించి, మీరు వేళ్లతో మీటుతారా, ప్లెక్ట్రమ్‌తో (మీటే చిన్న బిళ్ల) గట్టిగా వాయిస్తారా, ఏ మందం తీగలు వాడతారు అని అడిగి, ఆ తరువాత కొలుస్తారు. తీగను మొదటి ఫ్రెట్ వద్ద, నెక్ (మెడ) బాడీతో కలిసేచోట ఒకేసారి నొక్కి ఉంచితే ఏడో ఫ్రెట్ దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య పావు మిల్లీమీటరుకు అటూఇటూగా సందు కనిపించాలి. అది తేడాగా ఉంటే ట్రస్ రాడ్‌ను (నెక్ లోపల ఉండి దాని వంపును సరిచేసే లోహపు కడ్డీ) కొద్దికొద్దిగా, సాధారణంగా పావు చుట్టుకు మించకుండా తిప్పి చూస్తారు. నెక్ కుదిరాకే నట్, శాడిల్ (బాడీ వైపు తీగలు ఆనే పట్టీ)ల వంతు. చివరికి పన్నెండో ఫ్రెట్ మీద లావు తీగ సుమారు 2.5, సన్న తీగ 2 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే చాలామందికి హాయిగా ఉంటుంది.

నేను దుకాణాలను తూచే కొలత ఒక్కటే: వెనక్కి తీసుకోలేని పనిని మీతో చెప్పి చేస్తున్నారా, చెప్పకుండానా? ట్రస్ రాడ్‌ను మళ్లీ వెనక్కి తిప్పవచ్చు. అరగదీసేసిన ఫ్రెట్ లోహం తిరిగి రాదు. కొలవకుండానే ఫ్రెట్లన్నీ మార్చాలనేవారి దగ్గర, లేచిన బ్రిడ్జిని (తీగలను బాడీకి పట్టి ఉంచే చెక్కముక్క) మళ్లీ సులువుగా ఊడదీయలేని ఎపాక్సీ జిగురుతో అతికించేవారి దగ్గర గిటార్ వదిలిపెట్టకండి. ఆలస్యం మాత్రం నేరం కాదు. బ్రిడ్జి జిగురు బాగా ఆరనిచ్చాకే తీగలు బిగించాలి కనుక, గంటలో ఇచ్చేస్తామన్న మాటకే నేను ఎక్కువ భయపడతాను.

ఒక న్యాయం దుకాణాలకూ చేయాలి. గాలిలో తేమ మారితే చెక్క ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది, నెక్ వంపూ మారుతుంది. సెటప్ (ఈ సర్దుబాట్లు) చేయించిన కొన్ని వారాలకు మొదలైన బజ్ వారి తప్పు కాకపోవచ్చు.

ప్రశ్న: నా చౌక గిటార్‌ను చూసి, బాగుచేయడం దండగ, కొత్తది కొనుక్కోమన్నారు. అమ్మకం కోసమేనా?

జవాబు: కారణం అడగండి. శాడిల్‌ను ఇక దించే వీలు లేనంతగా అరగదీసినా తీగలు ఎత్తుగానే ఉంటే నెక్‌ను విప్పి కోణం సరిచేయాలి. అతికించిన నెక్‌కు ఆ పని ఖర్చు చౌక గిటార్ వెలనే దాటిపోవచ్చు కాబట్టి, అలా చెప్పి పని వదులుకున్నవారు నిజాయితీపరులే. శాడిల్ ఇంకా ఎత్తుగా ఉండగానే ఆ మాట అంటే మరో దుకాణంలో చూపించండి.