మనిషి బుద్ధి మోడల్‌కు ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: 2100 నాటికి ఎండలు ఇంత పెరుగుతాయని పేపర్లో రాస్తుంటారు. వచ్చే ఖరీఫ్‌కు శెనక్కాయ వేయాలా వద్దా అనేది మాకే తేలదు, అప్పటి జనం ఏం చేస్తారో వీళ్లకెలా తెలుసు?
– ఒక పాఠకుడు, కళ్యాణదుర్గం

జవాబు: తెలియదండీ, తెలుసని వాళ్లూ అనరు. గాలికీ సముద్రానికీ భౌతిక సూత్రాలున్నాయి, వాటిని సమీకరణాల్లో పెట్టొచ్చు, వాటిని కంప్యూటర్లో నడిపేదే వాతావరణ మోడల్. మనిషికి అలాంటి సూత్రం లేదు కాబట్టి అతన్ని మోడల్ బయటే ఉంచి, జనాభా, చదువు, ఆదాయం, కరెంటు ఎలా మారొచ్చో ముందే ఐదు దారులుగా రాసుకుంటారు. ఒకదాంట్లో దేశాలు కలిసి నడుస్తాయి, ఒకదాంట్లో ఎవరి గోల వాళ్లది, ఇంకోదాంట్లో బొగ్గూ పెట్రోలూ యథేచ్ఛగా కాలుస్తారు. ఏ దారిలో ఎంత కార్బన్ వస్తుందో లెక్కగట్టి మోడల్‌కు ఇస్తారు. ఐక్యరాజ్యసమితి వాతావరణ సంఘం ఐపీసీసీ 2021 నివేదిక ప్రకారం, 1850-1900 నాటితో పోలిస్తే ఈ శతాబ్దం చివరికి పెరిగే వేడి ఒక దారిలో 1.4 డిగ్రీలు, ఇంకో దారిలో 4.4. పేపర్లో పెద్ద అంకె చూసి టెన్షన్ పడేముందు అది ఏ దారి లెక్కో చూడండి, చాలాసార్లు ఆ ముక్కే రాయరు.

మనిషిని లోపలికి తెచ్చిన మోడళ్లూ ఉన్నాయి. ఆర్థిక వ్యవస్థనూ వాతావరణాన్నీ ఒకే లెక్కలో కలిపిన అమెరికా ఆర్థికవేత్త నార్డ్‌హౌస్‌కు 2018లో నోబెల్ వచ్చింది. కాకపోతే అందులో మనిషి ప్రపంచమంతటికీ లాభనష్టాలు బేరీజు వేసుకునే మహా బుద్ధిమంతుడు. అలాంటాయన్ని మన జిల్లాలో ఒక్కర్ని చూపించండి!

ఇక్కడ జరిగేది వేరు. వాన తప్పి శెనక్కాయ పోతుంది, పక్క చేను ఆయన చీనీ (బత్తాయి) తోట పెట్టాడని మనమూ పెడతాం, దాని నీళ్లకని అరచేతిలో టెంకాయ పెట్టుకుని నడిచే ఆయన్ని పిలిచి బోరుకు పాయింటు పెట్టిస్తాం, ఆ టెంకాయ నిలబడినచోట రాత్రికి రిగ్గు లారీ దిగుతుంది. 2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితం కాబట్టి తోడే కొద్దీ బిల్లు భయం లేదు. నీళ్లు పడకపోతే అప్పు చేసి ఇంకోటి వేస్తాం. కరువు మనిషిని మారుస్తుంది, మనిషి భూగర్భ జలాన్ని మారుస్తాడు, మరుసటి కరువు ఇంకా గట్టిగా తగులుతుంది. ముందే రాసిపెట్టుకున్న దారిలో ఈ తిరుగుడు సరిగా పట్టదు.

అందుకే కొందరు ఒక్కో రైతునూ విడిగా కంప్యూటర్లో పెట్టి, అతని అప్పు, బావి, పక్కవాణ్ణి చూసి మారే అలవాటు అన్నీ ఇచ్చి నడిపిస్తున్నారు. ఒక నది పరీవాహకం వరకైతే పనికొస్తుంది. భూగోళమంతటికీ చేయాలంటే ఒక్కో ప్రాంతం జనం ఎలా నిర్ణయించుకుంటారో ఇల్లిల్లూ తిరిగి అడగాలి, ఆ పని ఇంకా మొదట్లోనే ఉంది.